నాన్‌స్టాపా, ఒక మజిలీయా, విడి టికెట్లా? దూరం, టైము లెక్కేసి ఎంచుకోవడం

టికెట్లు వెతకడం మొదలుపెట్టిన పావుగంటకే మనలో చాలామంది చేసే పని ఒకటుంది. రెండు ఎయిర్‌పోర్టుల పేర్లు కొట్టి దూరమెంతో చూస్తాం. ఏదో ఒక సైటు ఇన్ని కిలోమీటర్లు, ఇన్ని గంటలు అని చెబుతుంది, ఆ అంకె పట్టుకుని స్క్రీన్ మీదున్న ఆప్షన్లన్నిటినీ కొలవడానికి కూర్చుంటాం. సైటు 13 గంటలంటుంది, ఒక టికెట్ మీద 14 ఉంటుంది, ఇంకోదాని మీద 18, మరోదాని మీద 26, అన్నిట్లోకీ చవకది ఆ 26 గంటలదే అయి కూర్చుంటుంది. ఇక ఏది నమ్మాలో, ఏది కొనాలో తెలీక ట్యాబులు మూసేసి రేపు చూద్దాంలే అనుకుంటాం.

నా మాట ముందే చెప్పేస్తాను. గాల్లో ఎంత దూరం పోతున్నామన్నది ఈ ఆప్షన్ల మధ్య పెద్దగా ఏమీ తేల్చదు. టైమంతా మింగేది నేల మీద గడిపే గంటలు. అంతకన్నా ముఖ్యం, ఆ గంటల్లో ఏదైనా అటూ ఇటూ అయితే మనల్ని గమ్యం చేర్చే పూచీ ఎవరిది అన్నది.

## ముందు ఆ కిలోమీటర్ల సంగతి

సైటు చూపించేది భూగోళం మీద రెండు చోట్ల మధ్య ఉన్న అతి దగ్గరి దారి. గ్లోబు మీద రెండు ఊళ్ల మధ్య దారం బిగించి పట్టుకుంటే ఎలా పడుతుందో అది. గోడకి తగిలించిన మ్యాపులో మాత్రం ఈ దారి తిన్నగా కనపడదు, భూమధ్యరేఖకి పైనున్న ఊళ్ల మధ్య అయితే ఉత్తరం వైపు విల్లులా వంగుతుంది. అందుకే లండన్ నుంచి లాస్ ఏంజెలెస్ వెళ్లే విమానం గ్రీన్‌లాండ్ మీదుగా పోతుంటే సీటు ముందున్న స్క్రీన్ చూసి ‘ఇదేంటి, ఇలా చుట్టూ తిప్పుతున్నాడు’ అనుకునేవాళ్లుంటారు. నిజానికి అదే దగ్గర.

యూనిట్ కూడా చూసుకోండి. న్యూయార్క్ నుంచి లండన్ హీత్రోకి సుమారు 5,550 కిలోమీటర్లు. అదే దూరం మామూలు మైళ్లలో 3,450 దాకా, విమానాలవాళ్లు వాడే నాటికల్ మైళ్లలో దాదాపు 3,000 (ఒక నాటికల్ మైలంటే 1.852 కి.మీ.). రెండు సైట్లు రెండు అంకెలు చెబుతున్నాయంటే సగం సార్లు కారణం ఇదే.

టైముకి నేను వాడే మోటు లెక్క ఒకటుంది: కిలోమీటర్లని 850తో భాగించి, విమానం రన్‌వే దాకా పాకడానికి, పైకెక్కడానికి, దిగడానికి కలిపి ఇంకో 40 నిమిషాలు వేసుకోవడం. 1,500 కి.మీ.కి రెండు గంటల 25 నిమిషాలు వస్తుంది, 5,550కి 7 గంటల 10 నిమిషాలు. జెట్ విమానాలకి ఇది బాగానే పనిచేస్తుంది. ఏటీఆర్ లాంటి ప్రొపెల్లర్ విమానమైతే గంటకి 500 కి.మీ. దగ్గర్లోనే పోతుంది కాబట్టి 850 బదులు 500 పెట్టుకోవాలి.

ఈ లెక్క బోల్తా కొట్టేది గాలి దగ్గర. విమానాలు తిరిగే ఎత్తులో పడమర నుంచి తూర్పుకి జెట్ స్ట్రీమ్ అనే గాలి నదిలా పారుతుంటుంది. దాని వాలున పోతే టైము కలిసొస్తుంది, ఎదురు పోతే ఎక్కువ పడుతుంది. న్యూయార్క్ నుంచి లండన్‌కి 7 గంటలైతే తిరుగు ప్రయాణానికి 8 అవుతుంది. 2020 ఫిబ్రవరిలో తుఫాను గాలులు తోడై బ్రిటిష్ ఎయిర్‌వేస్ వారి 747 ఒకటి న్యూయార్క్ నుంచి లండన్‌కి 4 గంటల 56 నిమిషాల్లో చేరిపోయింది. దూరాన్ని వేగంతో భాగించి చూపించే సైట్లకి ఈ గాలి గోల పట్టదు, రానూపోనూ ఒకటే టైము చెప్పేస్తాయి.

ఇంకోటి, దారి మూతపడటం. హెల్సింకీ నుంచి టోక్యోకి ఒకప్పుడు రష్యా మీదుగా తొమ్మిదిన్నర గంటల్లో వెళ్లిపోయేవాళ్లు. 2022 ఫిబ్రవరిలో యుద్ధం మొదలయ్యాక రష్యా గగనతలం చాలా ఐరోపా దేశాల విమానాలకి మూతపడింది, ఆ ప్రయాణం 13 గంటల దాకా పోయింది. ఎయిర్‌పోర్టులు ఎక్కడివక్కడే ఉన్నాయి, దూరం చెప్పే సైట్లలో అంకె కూడా అదే ఉంది.

కాబట్టి నమ్మాల్సింది విమాన సంస్థ షెడ్యూల్లో ఉన్న టైముని. అది విమానం ఇక్కడి గేటు వదిలినప్పటి నుంచి అక్కడి గేటు దగ్గర ఆగేదాకా లెక్క. అందులో కాస్త వెసులుబాటు కూడా కలిపే ఉంచుతారు, అరగంట లేటుగా లేచిన విమానం ఒక్కోసారి టైముకే దిగడంలో రహస్యం అదే.

## ఎక్కడి టైము అక్కడిదే

టికెట్ మీదుండే రెండు టైములూ ఎక్కడివక్కడివి, బయల్దేరే ఊరి గడియారం ఒకటి, దిగే ఊరి గడియారం ఒకటి. సింగపూర్‌లో 23:30, లండన్‌లో 06:25, పక్కన చిన్నగా +1 (అంటే మర్నాడు) అని ఉందనుకోండి. తొందరలో చూస్తే ఏడు గంటల ప్రయాణంలా ఉంటుంది. సింగపూర్ గడియారం లండన్ కన్నా వేసవిలో 7 గంటలు ముందుంటుంది, చలికాలంలో 8. వేసవి అనుకుంటే 6 గంటల 55 నిమిషాలకి ఆ 7 కలపాలి, అప్పుడు 13 గంటల 55 నిమిషాలు. తిరుగు ప్రయాణంలో తీసెయ్యాలి: లండన్‌లో 22:00కి ఎక్కి మర్నాడు 17:50కి సింగపూర్‌లో దిగితే గడియారాల మధ్య 19 గంటల 50 నిమిషాలు, అందులో 7 పోతే 12 గంటల 50 నిమిషాలు. పడమరకి కలుపు, తూర్పుకి తీసెయ్, అంతే.

పసిఫిక్ దాటేటప్పుడు మాత్రం చేతి లెక్క పక్కన పెట్టండి. టోక్యోలో సాయంత్రం ఎక్కినవాళ్లు లాస్ ఏంజెలెస్‌లో అదే రోజు పొద్దున దిగుతారు, మధ్యలో తేదీ రేఖ దాటతారు కాబట్టి. అక్కడ టికెట్ మీద రాసి ఉండే మొత్తం ప్రయాణ సమయమే దిక్కు. అన్నట్టు, ఆ +1 చూసుకోక ఒక రోజు ముందే ఎయిర్‌పోర్టుకొచ్చి మా కోసం కాపలా కాసిన చుట్టాలు మాకున్నారు. ఇప్పటికీ ఆ మాటెత్తితే తప్పు మాదేనంటారు.

## దేన్ని బట్టి తేల్చుకోవాలి

మొదటిది గుమ్మం నుంచి గుమ్మం దాకా పట్టే టైము. అంతర్జాతీయ ప్రయాణమైతే 3 గంటలు ముందు ఎయిర్‌పోర్టులో ఉండాలి, దిగాక ఇమిగ్రేషన్, లగేజీకి ఇంకో గంట వేసుకోవాలి, రెండు వైపులా రోడ్డు ప్రయాణం సరేసరి. ఇవన్నీ కలిపితే రెండు గంటల విమానం ఏడెనిమిది గంటల పని అవుతుంది. అందుకే 400, 500 కి.మీ. లోపు దూరాలకి మంచి రైలుంటే విమానం వైపు చూడకపోవడమే మేలు.

రెండోది, ఇందాక అన్నానే, పూచీ. ఒక విమానం లేటై రెండోది తప్పిపోతే ఇంకో విమానంలో ఎక్కించాల్సింది ఎవరు? మూడోది లగేజీ, మధ్యలో మనం ముట్టుకోవాలా, అదే చివరిదాకా వెళ్లిపోతుందా. నాలుగోది ఏ వేళకి దిగుతాం అన్నది, దీన్ని చాలామంది వదిలేస్తారు గానీ తెల్లవారుజామున మూడింటికి తెలియని ఊళ్లో దిగడానికీ పొద్దున పదింటికి దిగడానికీ ఉన్న తేడా రెండు గంటల ప్రయాణం మిగలడం కన్నా ఎక్కువ. ఆ తర్వాతే డబ్బు. డబ్బు ముఖ్యం కాదని అనట్లేదు, కానీ పై నాలుగూ చూడకుండా దాన్ని చూస్తే తక్కువది ఎప్పుడూ బంగారంలాగే మెరుస్తుంది.

దూరం ఎంత తక్కువ తేల్చుతుందో చూడటానికి సింగపూర్ నుంచి లండన్‌కి మూడు దారులు పక్కపక్కన పెట్టాను. అంకెలన్నీ సుమారువే, మజిలీ దగ్గర 3 గంటలు వేశాను.

| | నాన్‌స్టాప్ | దుబాయ్ మీదుగా | టోక్యో మీదుగా |
|---|---|---|---|
| దూరం | 10,880 కి.మీ. | 11,340 కి.మీ. | 14,900 కి.మీ. |
| విమానాల్లో గంటలు | 14 | 15 లోపు | 21 పైనే |
| మజిలీతో కలిపి | 14 | 18 లోపు | 24 పైనే |

దుబాయ్ దారి చూడండి. అదనపు దూరం 460 కి.మీ. మాత్రమే, వందకి నాలుగు వంతులు. విమానంలో గడిపే టైము గంట కూడా పెరగలేదు. పెరిగిందంతా మజిలీ దగ్గరే. అంటే మజిలీ ఊరు దారిలోనే ఉంటే కిలోమీటర్లు చూడక్కర్లేదు, అక్కడ ఎంతసేపు ఆగుతామన్నదే చూడాలి. టోక్యో లాగా ఎదురు దిక్కున ఉంటేనే దూరం కూడా కొరుకుతుంది. గ్లోబు మీద దారం పట్టుకుని చూస్తే ఇది అర క్షణంలో తెలిసిపోతుంది.

## నాన్‌స్టాప్

దీని గురించి చెప్పడానికి పెద్దగా లేదు, డబ్బు సరిపోతే, వేళ కుదిరితే కొనెయ్యండి. తప్పిపోయే రెండో విమానమే ఉండదు, లగేజీ పోయే అవకాశం బాగా తక్కువ.

రెండు పేచీలు మాత్రం ఉన్నాయి. చాలా దారుల్లో నాన్‌స్టాప్ రోజూ ఉండదు, వారానికి మూడు నాలుగు రోజులే ఉంటుంది, రద్దయితే తర్వాతిది ఎల్లుండి. రెండోది, ఒళ్లు. పెర్త్ నుంచి లండన్‌కి 14,500 కి.మీ., సుమారు 17 గంటలు. సింగపూర్ నుంచి న్యూయార్క్‌కి 15,300 కి.మీ., 18 గంటల పైమాటే. నాలుగు గంటలు దాటి కదలకుండా కూర్చుంటే కాళ్ల నరాల్లో రక్తం గడ్డకట్టే ముప్పు పెరుగుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థే చెబుతోంది. నడుం నొప్పి ఉన్నవాళ్లకి, కాళ్లు వాచేవాళ్లకి మధ్యలో దిగి రెండు గంటలు నడవడం శిక్షేమీ కాదు, మందు లాంటిది. అలాంటివాళ్లు ముందు డాక్టర్‌ని అడిగి, ఆ తర్వాత మజిలీ ఉన్నదే తీసుకోవచ్చు.

## డైరెక్ట్ అన్నారంటే అనుమానించండి

డైరెక్ట్, నాన్‌స్టాప్ ఒకటే అనుకుంటాం. విమానాలవాళ్ల భాషలో డైరెక్ట్ అంటే ఒకే ఫ్లైట్ నంబర్ అని మాత్రమే. మధ్యలో ఒక ఊళ్లో ఆగొచ్చు, మనల్ని చేతి సామాన్లతో సహా దింపి మళ్లీ సెక్యూరిటీలోంచి పంపొచ్చు. ఇది చెడ్డదేం కాదు, కానీ టికెట్ వివరాల్లో ‘స్టాప్స్’ అన్న చోట సున్నా ఉందో, ఒకటి ఉందో చూసి కొనండి.

## ఒకే టికెట్ మీద ఒక మజిలీ

ఎక్కువమందికి చివరికి కుదిరేది ఇదే, అందుకే ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఉంటాను.

రెండు విమానాలూ ఒకే బుకింగ్ మీద, ఒకే పీఎన్‌ఆర్ కింద ఉంటే మొదటిది లేటై రెండోది తప్పిపోయినా మనల్ని తర్వాతి విమానంలో చేర్చడం విమాన సంస్థ పని. లగేజీ కూడా మామూలుగా చివరి ఊరికే ట్యాగ్ వేస్తారు. మామూలుగా అన్నాను, ఎందుకంటే అమెరికా లాంటి చోట మొదట దిగిన ఎయిర్‌పోర్టులోనే ఇమిగ్రేషన్ ముగించి, చాలాసార్లు సూట్‌కేసులు బెల్టు మీంచి తీసి మళ్లీ అప్పగించాలి. అక్కడ గంటన్నర మజిలీ చూసి మురిసిపోకూడదు.

ప్రతి ఎయిర్‌పోర్టుకీ విమానం మారడానికి కనీసం ఇంత టైముండాలని ఒక లెక్క ఉంటుంది, అంతకన్నా తక్కువ ఉన్న జతని ఒకే టికెట్ మీద అమ్మరు. కానీ అది కనీసం. 75 నిమిషాల మజిలీని విడదీసి చూడండి: వెనక సీట్లో ఉంటే దిగడానికే 15 నిమిషాలు, రెండో విమానం గేటు 20 నిమిషాల ముందే మూసేస్తారు, మిగిలింది 40. అందులో సెక్యూరిటీ క్యూ, టెర్మినల్ మారే రైలు, బాత్రూమ్. మొదటి విమానం పావుగంట లేటైతే ఇక పరుగే. వీల్‌చెయిర్ అడిగినవాళ్లని మామూలుగా అందరూ దిగాక చివర్లో దింపుతారు, వాళ్ల 40 నిమిషాలు 20 అయిపోతాయి. ‘అమ్మా, వీల్‌చెయిర్ పెట్టాం, నీకేం టెన్షన్ లేదు’ అని గంటంబావు మజిలీ టికెట్ కొనిచ్చే పిల్లలకి ఈ సంగతి తెలియదు.

నా లెక్కలో రెండు నుంచి నాలుగు గంటల మజిలీ బాగుంటుంది. పెద్దవాళ్లకి, చంటిపిల్లలున్నవాళ్లకి మూడుకి తగ్గకూడదు. ఆరు దాటితే కుర్చీల మీద వాలిపోవడమే. పన్నెండు దాటితే ఆ దేశం వీసా మనకి సులువుగా వస్తుందా, బయటికెళ్లి రాత్రి పడుకోవచ్చా అని చూడాలి, అలా కుదిరితే అది మజిలీ అన్న పేరు పోయి ఒక చిన్న యాత్ర అవుతుంది, కుదరకపోతే జైలు.

ఒక్క కిటుకు. ఒకే ధరకి రెండు జతలు కనబడితే, రెండో విమానం తర్వాత ఆ రోజు ఇంకో విమానం ఉన్నదాన్ని తీసుకోండి. ఆ రోజుకి ఆఖరి విమానం తప్పిందంటే పూచీ వాళ్లదే అయినా మనం కదిలేది మర్నాడే.

## విడి టికెట్లు

ఇక చవకగా కనిపించే ఆ మూడోది. ఇక్కడ నాకు తగిలిన దెబ్బ చెప్తాను.

ఒకసారి రెండు వేర్వేరు టికెట్లు కొన్నాను, మధ్యలో 3 గంటల 10 నిమిషాలు. చాలనుకున్నాను. మొదటి విమానం 50 నిమిషాలు లేటు. దిగి ఇమిగ్రేషన్ దాటేసరికి 45. బెల్టు దగ్గర నిలబడ్డాను, ఆకుపచ్చ రిబ్బను కట్టిన ఎవరిదో సూట్‌కేసు నా ముందునుంచి మూడుసార్లు తిరిగిపోయింది, నాది రాలేదు. వచ్చేసరికి అక్కడ 31 నిమిషాలు పోయాయి. రెండో విమానానికి చెక్-ఇన్ గంట ముందే మూసేస్తారు, నా చేతిలో మిగిలింది 4 నిమిషాలు, కౌంటరేమో ఇంకో టెర్మినల్‌లో ఉంది. రొప్పుతూ వెళ్లేసరికి అక్కడమ్మాయి స్క్రీన్ చూసి ‘సార్, మీ మొదటి విమానం మాకు కనపడదు’ అంది. నిజమే. వాళ్ల కంప్యూటర్లో నేను ఆలస్యంగా వచ్చిన ప్రయాణికుణ్ణి, అంతే. అప్పటికప్పుడు కొన్న కొత్త టికెట్‌తో నేను మిగుల్చుకున్నదంతా పోయి, పైన ఇంకొంచెం చేతినుంచి పడింది.

మర్చిపోయే ఇంకో సంగతి: లగేజీ తీసుకోవాలంటే ఆ దేశంలోకి అడుగుపెట్టాలి, అంటే వీసా కావాలి. ఒకే టికెట్ మీద ట్రాన్సిట్‌లోనే, అంటే ఇమిగ్రేషన్ దాటకుండా ఎయిర్‌పోర్టు లోపలే, ఉండిపోయే చోట అడగని వీసా, విడి టికెట్ కొంటే అడుగుతారు, కొన్నిసార్లు మొదటి ఊళ్లోనే విమానం ఎక్కనివ్వరు.

అలాగని దీన్ని ఎవరూ కొనకూడదని కాదు. చేతి సంచీ ఒక్కటే ఉండి, వీసా గొడవ లేకుండా, మధ్య ఊళ్లో ఒక రాత్రి ఉండటానికి ఇష్టపడేవాళ్లకి ఇది నిజంగానే లాభం. రెండు విమానాల మధ్య గంటలు కాకుండా ఒక రాత్రి పెట్టుకోండి. లేదూ అదే రోజు వెళ్లాలంటే 5, 6 గంటలకి తగ్గొద్దు.

## పక్క ఎయిర్‌పోర్టు

ఒకే ఊరి పేరుతో రెండు మూడు ఎయిర్‌పోర్టులున్న చోట విమానం టైము ఒకటే ఉన్నా గుమ్మం చేరే టైము మారిపోతుంది. టోక్యోలో హనెదా నగరం నడిబొడ్డుకి 15 కి.మీ. దాకా, నరిటా 60 దాకా. పారిస్ పేరు పెట్టుకున్న బోవే 80 కి.మీ. పైనే. ఫ్రాంక్‌ఫర్ట్ పేరున్న హాన్ అయితే 120. టికెట్ తక్కువని అక్కడ దిగి, రాత్రి ఆఖరి బస్సు వెళ్లిపోయిందని తెలిసేసరికి తెల్లారేదాకా బెంచీయే గతి. మజిలీ ఉన్న టికెట్లో ఇంకా ఘోరం, దిగేది ఒక ఎయిర్‌పోర్టు, ఎక్కేది ఇంకో ఎయిర్‌పోర్టు అయి ఉండొచ్చు. మూడక్షరాల కోడ్ రెండు చోట్లా ఒకటేనా అని తప్పకుండా చూడండి.

## ఎవరికి ఏది

| మీరు | నేనైతే కొనేది |
|---|---|
| మొదటిసారి ఒంటరిగా వెళ్లే పెద్దవాళ్లు | నాన్‌స్టాప్. లేకపోతే ఒకే టికెట్, 3 నుంచి 4 గంటల మజిలీ |
| చంటిపిల్లలతో | రాత్రి నాన్‌స్టాప్. మజిలీ తప్పకపోతే 3 గంటలు |
| మర్నాడే మీటింగో పరీక్షో ఉన్నవాళ్లు | నాన్‌స్టాప్, అదీ ఒక రోజు ముందుది |
| నిండా లగేజీతో చదువుకి వెళ్లేవాళ్లు | ఒకే టికెట్, ఒక మజిలీ |
| నడుం, కాళ్ల బాధలున్నవాళ్లు | ప్రయాణాన్ని సగానికి విరిచే మజిలీ |
| చేతి సంచీతో, తొందర లేనివాళ్లు | విడి టికెట్లు, మధ్యలో రాత్రి బస |

మీటింగ్‌వాళ్లకి ఒక రోజు ముందుది ఎందుకంటే నాన్‌స్టాప్ కూడా రద్దవుతుంది, తర్వాతిది ఎల్లుండి అయితే మీటింగ్ అయిపోతుంది. చదువుకి వెళ్లేవాళ్లకి నాన్‌స్టాప్ అననిది ధర వల్ల కాదు, కొన్ని సంస్థలు మజిలీ ఉన్న దారుల్లో ఎక్కువ లగేజీ ఇస్తాయి కాబట్టి. రెండూ పోల్చి చూడండి.

రానూపోనూ ఒకే రకం కొనాలన్న నియమం కూడా ఏమీ లేదు. వెళ్లేటప్పుడు అవతల తేదీ, టైము మన కోసం ఆగవు కాబట్టి నాన్‌స్టాప్‌లో వెళ్లి, తిరిగొచ్చేటప్పుడు ఎలాగూ ఇంటికే కదా అని మజిలీ ఉన్న చవక టికెట్‌లో రావడం నా అలవాటు. రెండూ ఒకే బుకింగ్‌లో దొరకకపోతే రెండు వన్‌వేలుగా వెతకండి. అలా కొన్నప్పుడు తిరుగు తేదీ మార్చుకోవాల్సి వస్తే ఎంత కోత పెడతారో కూడా అప్పుడే చదువుకుని ఉంచుకోండి.